తమ్ముడి తొలి క్షవరానికి ఏమి కొనాలి?

గత నెల మాకు అందిన ఉత్తరాలలో ఒకటి మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. వ్రాసినది ఒక సోదరి. వారి తండ్రి దమ్మామ్‌లో పని చేస్తున్నారు. రెండేళ్లకొకసారి ఇంటికి వస్తారు. తమ్ముడు ఇంటర్మీడియట్ పూర్తి చేసి హైదరాబాదులో హాస్టలుకు వెళ్లబోతున్నాడు. ఒకనాడు తలుపు వేసుకొని, ఎవరిదో పాత రేజరుతో గీసుకొని, మెడ నిండా ఎర్రని పొక్కులతో బయటికి వచ్చాడట. ఏమైందని అడిగితే తల వంచుకున్నాడే తప్ప జవాబు చెప్పలేదట. "మౌలానా సాబ్! ఈ విషయం వాడితో ఎలా మాట్లాడాలో అమ్మీకీ తెలియడం లేదు, నాకూ తెలియడం లేదు. నా మొదటి జీతంతో వాడికి మంచి షేవింగ్ సామాను కొనివ్వాలని ఉన్నది. అటువంటిది కానుకగా ఇవ్వడం తప్పా? తప్పు కాకపోతే ఏమేమి కొనాలి?" అన్నది ఆమె ప్రశ్న.

ప్రశ్న రేజరును గురించినదే అయినా, దాని వెనుక తండ్రి దగ్గర లేని ఒక ఇల్లున్నది. అటువంటి ఇళ్లు మన పాఠకులలో తక్కువేమీ కాదు. అందుకే ఈ నెల శీర్షికను ఆ సోదరికే కేటాయిస్తున్నాము.

ముందుగా మొదటి సందేహం. మీసాలు కత్తిరించి గడ్డాన్ని పెరగనివ్వవలసిందిగా మహాప్రవక్త ముహమ్మద్ (స) ఆదేశించారు. ఈ విషయంలో మా మాట మారదు. అయితే రేజరుకు గడ్డం తీయడం ఒక్కటే పని కాదు. మానవ సహజ స్వభావానికి చెందిన శుభ్రతలుగా హదీసులు పేర్కొన్న అయిదింటిలో మీసాలు కత్తిరించుకోవడం, గోళ్లు తీసుకోవడం, చంకలలోని వెంట్రుకలు, నాభి కింది వెంట్రుకలు తొలగించుకోవడం ఉన్నాయి. వీటిని నలభై రోజులకు మించి వదలిపెట్టరాదని కూడా హదీసులో ఉన్నది. ఇక గొంతు మీద పెరిగే వెంట్రుకలు తీయడంలో దోషం లేదని ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) అభిప్రాయపడినట్లు మన ఫిఖ్‌హ్ గ్రంథాలు తెలుపుతున్నాయి. కనుక గడ్డం ఉంచుకునే యువకునికి కూడా మంచి రేజరు, దానిని వాడే పద్ధతి అవసరమే. కానుకలు ఇచ్చిపుచ్చుకోవడం వల్ల పరస్పర ప్రేమ పెరుగుతుందని కారుణ్య ప్రవక్త (స) బోధించారు. సోదరీ! మీ కానుకలో తప్పు లేదు. గడ్డం గురించి చెప్పవలసినది ప్రేమతో మరొక రోజు చెప్పండి. కానుక ఇచ్చే రోజున ఉపన్యాసం ఇస్తే కానుకా మిగలదు, ఉపన్యాసమూ మిగలదు.

రెండవ సందేహానికి సమాధానం చెప్పేముందు మా పొరపాటు ఒకటి ఒప్పుకోవలసి ఉన్నది. కొన్నేళ్ల క్రితం మా పెద్దబ్బాయి చదువు కోసం ఊరు విడిచి వెళ్తున్నప్పుడు అతనికి ఒక షేవింగ్ సెట్టు కొన్నాము. నల్లని పెట్టె, లోపల మఖ్మలు గుడ్డ, మెరిసే రేజరు, బ్రష్షు, వాటిని నిలిపే స్టాండు. పెట్టె చూసి ధర ఇచ్చాము. తెరిచి పరిశీలించలేదు, ఎలా వాడాలో చూపించనూ లేదు. వారం తరువాత అబ్బాయి ఫోను చేసి, "అబ్బా, ఈ బ్రష్షు దేని వెంట్రుకలతో చేసినది? డబ్బా మీద ప్యూర్ బ్రిసిల్ అని ఉన్నది" అన్నాడు. విచారిస్తే తెలిసింది, బ్రష్షుల వ్యాపారంలో ఆ మాటకు సాధారణంగా పంది వెంట్రుక అనే అర్థమని. ఇరవై ఏళ్లకు పైగా తహారత్ పాఠం చెబుతున్న మేము "ప్యూర్" అన్న మాట చూసి మోసపోయాము. క్షవరమైతే గాని వివరం తెలియదని తెలుగు సామెత. మా విషయంలో అది అక్షరాలా నిజమైనది.

కాబట్టి మొదట బ్రష్షు సంగతే చెబుతాము. షేవింగ్ బ్రష్షులు ముఖ్యంగా మూడు రకాలు. పంది వెంట్రుకలతో చేసినవి, బ్యాడ్జర్ అనే అడవి జంతువు వెంట్రుకలతో చేసినవి, కృత్రిమ పోగులతో చేసినవి. హనఫీ పండితుల దృష్టిలో పంది మొత్తంగా అశుద్ధం. దాని వెంట్రుక కూడా అంతే. పూర్వం చెప్పులు కుట్టేవారికి దారం దూర్చడానికి ఆ వెంట్రుక తప్ప మరొకటి పనికిరానందున, ఆ అవసరం మేరకే ఫుఖహాలు మినహాయింపు ఇచ్చారు. మాలికీ పండితుల అభిప్రాయం కొంత వేరుగా ఉన్నది. అయితే అంగట్లో మంచి కృత్రిమ బ్రష్షు దొరుకుతున్న ఈ రోజులలో మనకు ఆ అవసరమూ లేదు, ఆ చర్చా అక్కరలేదు. బ్యాడ్జర్ బ్రష్షులు ఖరీదైనవి, ఆరడానికి సమయం పట్టేవి. కృత్రిమ బ్రష్షు మెత్తగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది, తక్కువ క్రీముతో చక్కని నురుగు తెస్తుంది. తొలిసారి వాడేవారికి అదే అన్ని విధాలా ఉత్తమం. డబ్బా మీద "సింథటిక్" లేదా "నైలాన్" అని స్పష్టంగా వ్రాసి ఉన్నదే తీసుకోండి. ఏమీ వ్రాసి లేకపోతే వదలివేయండి.

ఇక రేజరు. మంగలి కత్తి చూడడానికి ఠీవిగా ఉంటుంది గాని, అది కొత్తవారి చేతికి తగినది కాదు. రెండు వైపులా అంచు గల పలుచని బ్లేడు వేసే సేఫ్టీ రేజరు చాలు. అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ అనే వ్యాపారి ఇటువంటి రేజరును 1903లో అమ్మకానికి పెట్టినప్పుడు ఆ ఏడాది అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. నూటఇరవై ఏళ్లు దాటినా ఆ నమూనా నేటికీ నిలిచి ఉన్నది. కొనేటప్పుడు మూడు విషయాలు చూడండి. బ్లేడు కింద ఉండే పలక అంచు దువ్వెన పళ్లలా తెరచి ఉండకుండా, మూసి ఉండాలి. చర్మానికి అది రక్షణ. బ్లేడు అంచు ఎక్కువగా బయటికి పొడుచుకు రాని మృదువైన రకమై ఉండాలి. పిడి తడి చేతిలో జారకుండా గరుకుగా, కొంత బరువుగా ఉండాలి. ఆ బరువే పని చేస్తుంది. చేయి నొక్కవలసిన పని ఉండదు. తిప్పితే అంచు పెరిగే, తగ్గే రకాలు మొదట వద్దు.

బ్లేడ్ల విషయంలో అందరికీ ఒకే సలహా పనికిరాదు. ఒకరి చర్మానికి సరిపడినది మరొకరికి మంట పుట్టిస్తుంది. రెండు మూడు రకాలు, ఒక్కొక్క చిన్న పాకెట్టు చొప్పున ఇవ్వండి; తనకు ఏది సరిపోతుందో అతడే తెలుసుకుంటాడు. జపాన్ వారి ఫెదర్ బ్లేడు మిక్కిలి పదునైనదిగా పేరు పొందినది. అది చేయి కుదిరిన తరువాత వాడదగినది. ఒక బ్లేడు నాలుగైదు క్షవరాలకు వస్తుంది, దాని ధర సాధారణంగా పది రూపాయల లోపే. అనేక బ్లేడ్లు గల కార్ట్రిడ్జి ఒక్కటి కొనే డబ్బుతో ఎన్నో నెలలు గడుస్తాయి. దుబారాను ఇష్టపడని ఇంటికి ఇది చిన్న విషయమేమీ కాదు.

నురుగుకు గట్టి సబ్బు కన్నా ట్యూబులో వచ్చే క్రీము సులువు. కొన్ని సబ్బులలో జంతువుల కొవ్వు ఉంటుంది. పదార్థాల జాబితాలో దానిని "సోడియం ట్యాలోవేట్" అని వ్రాస్తారు. సబ్బుగా మారిన కొవ్వు విషయంలో ఫుఖహాల వెసులుబాటు ఉన్నది. అయినా వృక్ష నూనెలతో చేసినవి కావలసినన్ని దొరుకుతుండగా సందేహంలోకి వెళ్లడం ఎందుకు? నురుగు కలపడానికి ప్రత్యేకమైన గిన్నె కొననక్కరలేదు, ఇంట్లోని స్టీలు కటోరా చాలు. ఆల్కహాలు గల ఆఫ్టర్‌షేవ్ బదులు ఒక పటిక ముక్క ఇవ్వండి. మన ఇళ్లలో ఫిట్కరీ అనే ఈ పటిక చిన్న గాట్ల నుండి వచ్చే రక్తాన్ని ఆపుతుంది, కిరాణా కొట్టులోనే దొరుకుతుంది. మీసాలకు ఒక చిన్న కత్తెర, దేహశుభ్రతకు వేరుగా ఒక సాదా రేజరు కూడా చేర్చండి. ముఖానికి వాడేది దానికి వాడకూడదు.

పెట్టెలో చేరవలసిన మరొక వస్తువును ఏ దుకాణమూ అమ్మదు. మూతకు సన్నని చీలిక చేసిన ఒక పాత రేకు డబ్బా. వాడిన బ్లేడు అందులో పడాలి. చెత్తబుట్టలో వేసిన బ్లేడు రేపు తెల్లవారుజామున పారిశుద్ధ్య కార్మికురాలి వేళ్లను కోస్తుంది. దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని నేర్చుకున్న మనం, ఆ వస్తువును మన చేతులతోనే దారిలో వేయకూడదు కదా!

ఇవన్నీ కలిపినా సుమారు పన్నెండు, పదిహేను వందల రూపాయలకు మించవు. కాని సోదరీ, ఇంతవరకు చెప్పినది కానుకలో సగమే. మిగిలిన సగం ఎవరో ఒకరు అతని పక్కన నిలబడి చూపించడం. అది లేకపోవడం వల్లనే మీ తమ్ముడు తలుపు వేసుకున్నాడు.

చూపించవలసినది ఎక్కువేమీ లేదు. స్నానం చేసిన వెంటనే, లేదా గోరువెచ్చని నీటితో రెండు మూడు నిమిషాలు తడిపిన తరువాతనే రేజరు పట్టాలి. బ్రష్షుతో గుండ్రంగా తిప్పుతూ నురుగు పట్టించాలి. వెంట్రుకలు ఎటు వాలి ఉన్నాయో వేళ్లతో తడిమి చూసుకోవాలి. మెడ మీద ఆ వాలు ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరుగా ఉంటుంది. పిడిని చర్మానికి సుమారు 30 డిగ్రీల కోణంలో ఉంచి, వాలు వైపే చిన్న చిన్నగా గీయాలి. నొక్కరాదు. మొదటి నెల ఒక్కసారి గీసి ఆపివేయాలి. నున్నగా రావాలని ఎదురు గీస్తేనే మెడ మీద పొక్కులు వస్తాయి. ఆ తరువాత చల్లని నీరు, పటిక, మళ్లీ నీరు. మొటిమలు చితికి ఉంటే ఆ రోజు మానుకోవడం మంచిది. గాటు పడి రక్తం పారితే హనఫీల ప్రకారం వుజూ భంగమవుతుంది గనుక ఈ పని వుజూకు ముందే ముగించాలి. జుముఆ వేళకు తొందరపడే బదులు గురువారం రాత్రే చేసుకుంటే ఇంకా మేలు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. హాస్టళ్లలో ఒకరి రేజరు మరొకరు అడుగుతారు. మా మదరసాలోనే ఒకే బ్లేడు అయిదుగురి చేతులు మారడం చూసి నిర్ఘాంతపోయాము. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. కంటికి కనిపించనంత రక్తం చాలు దానికి. సెలూనుకు వెళ్లినా తన కళ్ల ముందు కొత్త బ్లేడు వేయించుకోవాలి. "నా రేజరు ఇవ్వను, కావాలంటే కొత్త బ్లేడూ, సాదా రేజరూ కొనిస్తాను" అనడం పిసినారితనం కాదని అతనికి ముందే చెప్పి పంపండి.

మరి చూపించేదెవరు? మామూ గాని, చాచా గాని దగ్గర ఉంటే ఒక ఆదివారం పిలవండి. లేకుంటే మస్జిదు ఇమామ్ సాబ్‌ను అడగండి. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. అన్నిటికన్నా మంచి మార్గం మరొకటి ఉన్నది. శుక్రవారం మీ అబ్బాకు సెలవు ఉంటుంది. అద్దం పక్కన ఫోను నిలబెట్టి, వీడియోలో ఆయనను పిలిచి, మీరూ అమ్మీ గది బయటికి వచ్చేయండి. తండ్రీ కొడుకులు అటూ ఇటూ రెండు అద్దాల ముందు నిలబడనివ్వండి. డబ్బు పంపడం తప్ప కొడుకు పెంపకంలో తనకు వంతు లేకుండా పోయిందని బాధపడే తండ్రులను మేము ఎరుగుదుము. మీ కానుక ఆయనకు కూడా అందుతుంది.

ఇక మా ఇంటి సంగతి. ఆ సెలవులకు అబ్బాయి వచ్చినప్పుడు ఆ బ్రష్షు తీసివేసి కొత్తది తెచ్చాము. ఫజ్ర్ తరువాత ఇద్దరం అద్దం ముందు నిలబడ్డాము. ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి అతడు, "ఇది మీరు మొదటే చూపించి ఉంటే బాగుండేది అబ్బా" అన్నాడు. అవును, బాగుండేది.

మన పిల్లలు తలుపులు వేసుకొని ఒంటరిగా నేర్చుకోవలసిన అవసరం లేకుండా, వారి పక్కన నిలబడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.