'అమాయకుడు' అనే మాట మీద నా గొడవ

కొంచెం పొడుగు పోస్టు ఇది. మెస్ లైన్లో నిలబడి చదివేది కాదు. రాత్రి తీరిగ్గా చదవండి.

డిగ్రీలో తెలుగైనా ఇంగ్లీషైనా 'ఫలానా పాత్రను విశ్లేషించండి' అని ప్రశ్న వస్తుంది కదా. కథలో ఆదివాసీ ఉంటే చాలు, జవాబులో మొదటి లైను ఎవరు రాసినా ఒకటే: ఈ పాత్ర అమాయకత్వానికి ప్రతీక. రెండో లైను: ప్రకృతి ఒడిలో పెరిగాడు. మూడోది: నాగరికుల చేతిలో మోసపోయాడు. మార్కులు కూడా పడతాయి. కానీ ఈ మూడు లైన్లూ పుస్తకం తెరవకుండానే రాసేయొచ్చు. తెరిచి చదివితే మాత్రం ఆ మొదటి లైను రాయడానికి చెయ్యి రాదు. అది చెప్పడానికే ఈ పోస్టు.

ముందు 'పరజా' సంగతి. ఒడియా రచయిత గోపీనాథ్ మహంతి 1945లో రాశారు. ఆయన ఒడిశా ప్రభుత్వంలో అధికారి, కొరాపుట్ కొండల్లో ఉద్యోగం చేసిన మనిషి. నేను చదివింది బిక్రమ్ కె. దాస్ చేసిన ఇంగ్లీషు అనువాదం. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివితే నెల పట్టింది. కొరాపుట్ అంటే ఎక్కడో కాదు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా అది మన విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. పరజాలు అరకు, పెదబయలు, ముంచింగిపుట్టు వైపు ఇప్పటికీ మన పక్క ఊళ్ళవాళ్ళే, మనం పోర్జా అంటాం. ఈ గ్రూపులోనూ ఉన్నారు.

కథ సుక్రు జానిది. పెళ్ళాన్ని పులి తినేసింది. ఇద్దరు కొడుకులు, మండియా, టిక్రా. ఇద్దరు కూతుళ్ళు, జిలి, బిలి. ఫారెస్టు గార్డు కన్ను జిలి మీద పడింది. సుక్రు ఒప్పుకోలేదు. అంతే, చెట్లు కొట్టాడని కేసు, జరిమానా. జరిమానా కట్టడానికి షావుకారు దగ్గర అప్పు. అప్పు తీర్చడానికి తను, కొడుకు గోతి. గోతి అంటే అప్పు తీరేదాకా షావుకారు ఇంట్లో ఊరికే చాకిరీ చెయ్యడం. మా ముసలివాళ్ళని అడిగితే ఆ మాట ఇంకా తెలుసు, మీ ఊళ్ళోనూ అడిగి చూడండి. తర్వాత పెద్ద కొడుకు సారా కాస్తూ పట్టుబడి, అదే దారిలో అదే ఇంటికి వెళ్తాడు. పొలం తాకట్టులో పోతుంది. కోర్టుకెక్కితే సాక్షులు షావుకారు వైపు చెప్తారు.

ఇందులో సుక్రు అమాయకత్వం ఎక్కడుందో చూపించండి. ఆ మనిషికి లెక్క తెలుసు. ఇద్దరు కొడుకులకీ పెళ్ళిళ్ళు చెయ్యాలి, కొత్తగా నేల కొట్టుకోవాలి, ఎన్ని పంటలకి ఇల్లు నిలబడుతుంది అని మొదటి పేజీల నుంచీ కట్టుకుంటూనే ఉంటాడు. గార్డు ఎందుకు కేసు పెట్టాడో తెలుసు. షావుకారు ఏం రాసుకుంటున్నాడో చదవలేడు గానీ ఎందుకు రాసుకుంటున్నాడో తెలుసు. తెలిసే వేలిముద్ర వేశాడు, వెయ్యకపోతే జైలు కాబట్టి.

చట్టం లేదా అంటే, ఉంది. మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీలో వడ్డీ మీద, భూమి చేతులు మారడం మీద చట్టం చేసింది. కొండజాతి వాళ్ళ భూమి ఏజెంటు అనుమతి లేకుండా బయటివాళ్ళకి పోకూడదు. వడ్డీ సాలుకి నూటికి 24 దాటకూడదు. మన వైపు అప్పు బానిసత్వాన్ని రద్దు చేస్తూ 1940లో ఇంకో రెగ్యులేషన్ వచ్చింది. నవల అచ్చయింది ఆ తర్వాత. చట్టం కాగితం మీదుంది, గార్డు ఇంటి ముందున్నాడు. సుక్రు ఓడిపోయింది ఆ రెండిటి మధ్య దూరంలో. 'అమాయకుడు' అని రాసేస్తే ఆ దూరం గురించి రాయక్కర్లేదు. గార్డు పేరెత్తక్కర్లేదు, కోర్టు పేరెత్తక్కర్లేదు. తప్పంతా వెళ్ళి సుక్రు బుర్రలో పడుతుంది. ఆఖర్లో తండ్రీ కొడుకులు షావుకారుని గొడ్డలితో నరికి, పరిగెత్తకుండా నేరుగా పోలీసు స్టేషన్‌కి నడిచి వెళ్తారు. ఆ నడకని ఏ ప్రతీక అంటారో గైడ్లు రాసేవాళ్ళే చెప్పాలి.

ఇప్పుడు 'వనవాసి'. ఇది మీలో చాలామంది చదివే ఉంటారు. బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ్ బెంగాలీలో 1939లో రాసిన 'ఆరణ్యక్'కి సూరంపూడి సీతారాం తెలుగు. తెలుగు అంత బాగుంటుంది, అనువాదమని గుర్తుకే రాదు. దీని గురించి ఎక్కడ విన్నా 'ప్రకృతి ప్రేమ' అంటారు. నిజమే, వెన్నెల, సరస్వతీ కుండం, అక్కడ ఎవరూ చూడకుండా పూలమొక్కలు నాటే యుగళప్రసాద్, అన్నీ ఉన్నాయి. నాకూ ఇష్టమే.

కానీ కథ చెప్పే సత్యచరణ్ ఉద్యోగం ఏంటి? కలకత్తాలో పని దొరకని డిగ్రీ కుర్రాడు, స్నేహితుడి సాయంతో బీహార్‌లో జమీందారీ ఎస్టేటు మేనేజరుగా వస్తాడు. వేల బీగాల అడవి. దాన్ని కొట్టించి, రైతులకి కౌలుకిచ్చి, శిస్తు తేవడం అతని పని. అడవిని ప్రేమిస్తాడు, ఆ అడవినే ప్లాట్లు చేసి పంచుతాడు. పుస్తకం మొదట్లోనే, నా చేత్తోనే అడవి పోయింది అనే బాధ బయటపెడతాడు. అందుకే నాకు ఈ రచయిత మీద గౌరవం. ఆయనా భాగల్పూర్ వైపు ఎస్టేటులో పనిచేసిన మనిషే. ఇంత ఒప్పుకున్న పుస్తకానికి 'ప్రకృతి ప్రేమ' అని పేరు పెట్టి ఊరుకోవడం అన్యాయం. జీతం తీసుకుని, ఏడుస్తూనే సంతకం పెట్టిన మనిషి కథ అది.

దోబ్రు పన్నా పాత్రనీ అలాగే చెడగొడతారు. సంతాలుల రాజు, తిరుగుబాటులో నాయకుడు, ముసలితనంలో పశువులు కాసుకుంటున్నాడు. పాఠం చెప్పేటప్పుడు 'పాపం' అనేస్తారు. ఆ ముసలాయన తన వంశం సమాధులున్న కొండకి కొత్తవాణ్ణి తనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళి చూపిస్తాడు. రాజ్యం పోయింది గానీ ఎక్కడ ఎవరు పడుకున్నారో పోలేదు. పాపం అనడానికి అక్కడ నాకేం కనిపించలేదు.

మునిమనవరాలు భానుమతి దగ్గర ఇంకా తమాషా. భారతదేశం పేరు విన్నావా అని సత్యచరణ్ అడిగితే ఆమె విననే లేదు, అది ఎటువైపు ఉంటుందని తిరిగి అడుగుతుంది. ఈ సీను చెప్పి క్లాసులో నవ్వడం నేను చూశాను. నవ్వినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. ఆమెకి తన కొండ, తన పెద్దల చోటు, అడవి దున్నల్ని వేటగాళ్ళ గోతుల్లో పడకుండా చెయ్యెత్తి ఆపే టాఁడ్‌బారో దేవుడు తెలుసు. మ్యాపు తెలీదు. మనకి మ్యాపు తెలుసు, పోటీ పరీక్షకి రాజధానులన్నీ తెలుసు. మన ఇంటిపేరుకి ఏ కొండ, ఏ గుడిసె దగ్గర మొదలయ్యామో చెప్పగలిగేవాళ్ళు ఈ గ్రూపులో ఎంతమంది? నాకు మా తాత దాకానే తెలుసు.

పరీక్ష జవాబు ఒకటే అయితే ఇంత గొడవ పెట్టను. ఆ మాట అక్కడ ఆగట్లేదు. పేపర్లో 'అమాయక గిరిజనులు' అని వస్తుంది. మన సంఘాల వినతిపత్రాల్లో మనమే 'అమాయక గిరిజనులమైన మేము' అని రాస్తున్నాం. 1/70 చట్టం ఉన్నచోట భూమి పోయిందంటే బినామీ ఎవరు, రికార్డు ఎవరు మార్చారు, ఏ ఆఫీసులో మారింది అని అడగాలి. అమాయకులం అని మనమే రాసిచ్చాక ఆ ప్రశ్నలు ఎవరికి తడతాయి?

ఇంకోటి కూడా ఉంది, ఇది కొంచెం గుచ్చుకోవచ్చు. మనలో చాలామంది సచివాలయం, బీటాఫీసర్, వీఆర్వో ఉద్యోగాలకి చదువుతున్నాం. నేనూ అప్లికేషన్ పెట్టాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. నాకు ఉద్యోగం వస్తే ఇంటి అప్పు తీరుతుంది, అందులో దాచేదేం లేదు. కానీ రేపు రిజిస్టరు మన చేతికొస్తుంది. అప్పుడు మనం సుక్రు జానీ కుర్చీలో ఉండం. సత్యచరణ్ కుర్చీలో ఉంటాం, ఖర్మ కాలితే గార్డు కుర్చీలో ఉంటాం. ఆదివాసీ పాత్రంటే అమాయకుడు అని మాత్రమే నేర్చుకుంటే, ఆ కుర్చీలో కూర్చున్న మనల్ని మనం ఏ నవల్లోనూ గుర్తుపట్టలేం. నాకైతే సత్యచరణ్‌నే ఇంకోసారి చదవాలనుంది, ఎక్కడెక్కడ సంతకం పెట్టాడో పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ.

'వనవాసి' మా హాస్టల్లో ఒక్క కాపీ ఉంది, చేతులు మారుతూ అట్ట ఊడిపోయింది. ఎవరి దగ్గరైనా ఇంకోటి ఉంటే చెప్పండి. 'పరజా' తెలుగులో దొరికితే కచ్చితంగా చెప్పండి, మా జూనియర్లు అడుగుతున్నారు. పోర్జా తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, గోతి గురించి మీ ఇళ్ళల్లో విన్నది కింద రాయండి. గైడ్లో దొరకదు అది.