కలివికోడికి ఓ రాయి

కెనడా ఉత్తరాన మంచుదేశంలో ఉండే ఇన్యూట్ శిల్పులు మెత్తని రాయి చెక్కి ధ్రువపు ఎలుగునూ, సీలునూ, గుడ్లగూబనూ తీస్తారు. 1949లో మాంట్రియల్‌లో ఆ బొమ్మలు అమ్మకానికి పెట్టాక లోకం వాళ్లవైపు తిరిగి చూసింది. వాటిలో నన్ను కట్టిపడేసేది వేటగాడి చూపు. ఊపిరికోసం మంచు బెజ్జం దగ్గరికొచ్చే సీలు మెడ ఎటు తిప్పుతుందో కనిపెట్టి కూర్చున్నవాడి చేతిపని అది.

ఆ చూపు మన కడప సీమకు కొత్త కాదు. ముద్దనూరు దగ్గర చింతకుంట గుట్టల్లో, రాతి నీడన, ఎర్రరంగుతో జంతువుల్ని గీసిన పాతకాలపు మనుషులు ఎదురుగా తిరిగేవాటినే గీశారు. పుష్పగిరి గుడి గోడలకొచ్చేసరికి ఏనుగులు, గుర్రాలు బారులు తీరాయి. అందం ఎంతున్నా అవి రాజుల సైన్యంలోవి. గుట్టమీది జీవాలు వెనక్కి జరిగాయి.

ఇప్పుడు వాటిలో ఒకటి రాతిమీదికి రావాలని నా కోరిక. అది కలివికోడి. 1848లో పక్షిశాస్త్రవేత్త జెర్డాన్ లోకానికి పరిచయం చేసిన ఈ పిట్ట 1900 తర్వాత కనిపించకుండా పోయింది. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల అడవి అంచున, రాత్రిపూట, ఒక స్థానిక వేటగాడి చేతికి చిక్కింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు ఏళ్లుగా వెతుకుతున్న పిట్టను పట్టించింది ఆ ఊరివాడి కన్నే! పగలంతా ముళ్లపొదల్లో దాగి, చీకటిపడ్డాక పురుగులకోసం నేలమీద పరుగెత్తే పిట్ట. పెద్ద కళ్లు, మెడకింద ఇటుకరంగు మచ్చ, రొమ్ముమీద రెండు గోధుమరంగు పట్టీలు. తెలుగుగంగ కాలువ తవ్వకాలు దాని పొదల్లోకి చొరబడితే కాలువ దారే మార్చాల్సి వచ్చింది.

రాయికి మనకు కొదవా? ఎర్రగుంట్ల, జమ్మలమడుగు క్వారీల నాపరాయి ప్రొద్దుటూరు, పులివెందుల ఇళ్లలో అరుగై, వంటగట్టై ఉంది. పొరలు పొరలుగా లేచే రాయి కాబట్టి గుండ్రటి బొమ్మకు ఒదగదు. పలచని గీతకు మాత్రం చక్కగా లొంగుతుంది. విగ్రహాలు చెక్కే ఆళ్లగడ్డ శిల్పులూ మనకు దూరం కాదు. వాళ్లను ఒకసారి లంకమల పిలుచుకుపోయి, ఆ పొదల్ని ఎరిగిన గొర్రెలకాపరుల దగ్గర కూర్చోబెట్టాలి. పిట్ట ఎలా నిలబడుతుందో, అలికిడికి ఎలా ఆగిపోతుందో విన్నాకే ఉలి పట్టాలి. మొదటి బండలు ఈ నాపరాయి ఊళ్ల బడుల్లో, పిల్లలు చేత్తో తడిమేంత ఎత్తులో నిలపాలి.