ఆర్చీలు లెక్కపెట్టేవారికి

రైలు నమూనాల సరదా ఉన్నవాళ్లు నలుగురు చేరితే రాజమండ్రి మాట రాకుండా ఉండదు. వచ్చాక తీర్పు మాత్రం ఒకటే: గోదావరి రైలును ఇంట్లో కట్టలేం. ఆర్చ్ బ్రిడ్జి పొడవు దాదాపు 2.7 కిలోమీటర్లు. హెచ్‌ఓ స్కేలు 1:87తో భాగిస్తే 31 మీటర్లు. అంత హాలు ఎవరికుంది? కాబట్టి విదేశీ సెట్టొకటి కొనుక్కుని, ఓ సొరంగం, ఓ మంచుకొండ పెట్టుకుని తృప్తిపడాలట.

భాగహారం సరిగ్గానే చేశారు. తప్పంతా ఆ ‘కాబట్టి’ దగ్గరుంది.

లేఅవుట్ సర్వే పటం కాదు. ఆ బ్రిడ్జికి 28 స్పాన్లు, అన్నీ ఒకే అచ్చు. ఒక్కోటి సుమారు 97 మీటర్లు, అంటే నమూనాలో 112 సెంటీమీటర్లు. మూడు కడితే ఒక గోడ నిండుతుంది. మూడో ఆర్చ్ దాటగానే పట్టాను బీరువా వెనక్కి మళ్లించండి. మిగతా పాతికా ఏవని అడిగేవాడు రైలు చూడ్డానికి వచ్చినవాడు కాదు. కుదించకూడనిది స్పాన్ల సంఖ్య కాదు, స్పాన్ రూపం. ఎక్కువ పట్టించాలని ఒక్కోదాన్ని అర మీటరుకు నొక్కితే గోదావరి పోయి పంటకాలువ మిగులుతుంది. చోటు మరీ తక్కువైతే 1:160 ఎన్ స్కేలుకు దిగండి, స్పాన్ 61 సెంటీమీటర్లే.

ఇంకో అభ్యంతరం గేజి గురించి. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, 1:87లో 19.3 రావాలి, దొరికే పట్టా 16.5. నిజమే. బ్రిటన్‌లో 1:76 బండ్లను దశాబ్దాలుగా ఆ 16.5 పట్టా మీదే నడుపుతున్నారు, ఎవరికీ నిద్ర చెడలేదు.

అడగవలసిన ప్రశ్న వంపు గురించి, దాన్నేమో ఒక్కరూ అడగరు. సెట్టుతో వచ్చే గుండ్రటి పట్టా వ్యాసార్థం తరచుగా 457 మిల్లీమీటర్లు, అసలు కొలతలో 40 మీటర్లు. మన బ్రాడ్‌గేజ్ లైన్లలో 175కు తగ్గనివ్వరు. అది నమూనాలో రెండు మీటర్లు! అందుకే కనబడే చోటంతా తిన్నగా వేసి, ఇరుకు మలుపులను తెర వెనక దాచాలి. పొడుగు బోగీ ఆ మలుపులో పట్టా దాటి బయటికి వేలాడుతుంటే చూడలేం.

అయినా డెల్టా రైలంటే బ్రిడ్జి ఒక్కటేనా? కాకినాడ–కోటిపల్లి లైను లేదూ? 1928లో వేశారు, 1940లో యుద్ధావసరాలకని పట్టాలు పీకేశారు, 2004లో మళ్లీ వేశారు. 45 కిలోమీటర్లు, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా. దాని మీద రైల్‌బస్సు తిరిగింది, ఒకే ఒక్క పెట్టె. ఇరవై నాలుగు బోగీల ఎక్స్‌ప్రెస్‌కు 1:87లో ఆరు మీటర్ల ప్లాట్‌ఫారం కావాలి, దీనికి మూరెడు చాలు. రెండున్నర మీటర్ల అరమీద ఒక చిన్న స్టేషను, ఒక కాలువ, కొసన కోటిపల్లి. చోటు లేదనే మాట ఇక్కడ చెల్లదు.

అలాగని ఇది తేలిక పని కాదు. చదును నేలే కదా అని ప్లైవుడ్ పలక మీద పట్టా కొట్టేస్తే చెడింది. డెల్టాలో రైలు కట్ట మీద నడుస్తుంది, చేలు కింద ఉంటాయి. పంటకాలువ నీళ్లు చేలకంటే ఎత్తున ఉండాలి, లేకపోతే మడికి పారవు. మురుగు కాలువ అన్నిటికంటే దిగువన. ఇన్ని మెట్లున్న నేలకు పలక పనికిరాదు, చెక్క చట్రం కట్టి ఎక్కడి ఎత్తు అక్కడ నిలపాలి. కొండలు పేర్చడం దీనికంటే సులువు, వాటికి ఎత్తు తప్పినా ఎవరూ పట్టుకోలేరు.

చెట్లలోనూ అంతే. పద్దెనిమిది మీటర్ల కొబ్బరిచెట్టు నమూనాలో ఇరవై సెంటీమీటర్లు దాటుతుంది. ఇరవై ఐదు ఆర్చీలు ఎగ్గొట్టినవాణ్ని క్షమిస్తాను గానీ, ఎనిమిది సెంటీమీటర్ల ప్లాస్టిక్ మొక్కలు గుచ్చి కోటిపల్లి కొబ్బరితోట అంటే మాత్రం ఒప్పుకోను.