ఓడకు తెప్ప కనపడదు!

గజపతినగరం వాళ్లకు గూడ్సు బండి కొత్తేమీ కాదు. రాయపూర్ నుంచి విజయనగరం వచ్చే రైలుమార్గం ఆ ఊరి మీదుగానే పోతుంది. దూరాన బండి కనపడిందంటే చాలు, పట్టాల పక్కన మేస్తున్న మేకను ఎవరో ఒకరు అదిలించి ఇవతలికి తోలేస్తారు. డ్రైవరు చూస్తాడులే, బ్రేకు వేస్తాడులే అని ఎవరూ ధీమాగా కూర్చోరు. చూసినా వెంటనే ఆపలేడని పసివాడికీ తెలుసు.

ఆ ఊరి పక్కగా పారే చంపావతి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడా బరువైన బళ్లు తిరుగుతాయి. కాకపోతే అక్కడ పట్టాలుండవు. గేటుండదు. గేటు మూసే మనిషీ ఉండడు. ఉన్నదల్లా ఇటు తెప్ప మీద తెడ్డేస్తున్న మనిషి, అటు వేల టన్నుల ఓడ!

ఆదివారం పూట గంపల్లో ఇంటి గుమ్మం దాకా వచ్చే కవళ్లు, కానాగంతల వెనుక ఇంత కథ ఉందని కొనేవాళ్లకు తట్టదు. బేరం మాత్రం గట్టిగానే ఆడతారు.

తెప్ప అంటే తేలికపాటి దుంగలను తాళ్లతో కట్టిన సాధనం. దానికి గోడలుండవు, కప్పుండదు. కూర్చున్న మనిషికీ నీటికీ మధ్య జానెడు ఎత్తుంటే గొప్ప. తమిళంలో కట్టుమరం అంటారు. ఇంగ్లిషు వాళ్లు దాన్నే కాటమరాన్ చేసుకున్నారు. ఉత్తర ధ్రువ ప్రాంతపు వేటగాళ్లు జంతువుల తోలుతో చేసుకున్న కయాక్ కూడా ఇంచుమించు ఇలాంటిదే. ఇప్పుడు ప్లాస్టిక్ కయాక్‌లు వచ్చాయి. సెలవుల్లో విశాఖ రుషికొండ బీచ్‌కి వెళితే సరదాగా తెడ్డేసే కుర్రాళ్లు కనపడతారు. విదేశాల్లో కయాక్ మీద కూర్చుని గాలం వేయడం పెద్ద వ్యాపకం. మన తీరంలో అది వ్యాపకం కాదు, పొట్టకూడు. ప్రమాదం మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

ఏమిటా ప్రమాదం? ఓడ పైనుంచి చూస్తే సముద్రం ఎలా ఉంటుందో ఊహించండి. నడిపేవాళ్లుండే గది సరుకు నౌకల్లో సాధారణంగా వెనుక భాగంలో, చాలా ఎత్తున ఉంటుంది. ముందు నుంచి ఓడ ముక్కు, మధ్యలో సరుకు అడ్డం. అందుకే ఓడ ముందు కొంత మేర నీళ్లు అసలు కనపడవు. ఆ మేర ఓడ పొడవుకు రెండు రెట్లు గానీ 500 మీటర్లు గానీ, ఏది తక్కువైతే దాన్ని మించకూడదని అంతర్జాతీయ నిబంధన. అంటే నిబంధనల ప్రకారం కట్టిన 200 మీటర్ల ఓడకు కూడా ముందున్న 400 మీటర్ల నీళ్లు కనపడకపోవచ్చు!

మరి రాడార్? ఇనుమును అది బాగా పసిగడుతుంది. తడిసిన చెక్క, ఫైబర్, ప్లాస్టిక్ అంటే దానికి అంతగా పట్టదు. పైగా తెప్ప ఎత్తు అలంత. అలల నుంచి వచ్చే చుక్కల్లో తెప్ప చుక్క కలిసిపోతుంది.

కనపడిందే అనుకుందాం. ఆపడం ఎలా? పూర్తి వేగంలో ఉన్న ఓడ ఇంజన్లు వెనక్కి తిప్పినా తన పొడవుకు 15 రెట్ల దూరంలోపు ఆగగలిగితే చాలు, ప్రమాణం అందుకున్నట్టే. 200 మీటర్ల ఓడకైతే అది 3 కిలోమీటర్లు. గూడ్సు బండే నయం!

వేగం లెక్క కూడా చూడండి. 12 నాట్లు అంటే గంటకు 22 కిలోమీటర్లు. రోడ్డు మీదైతే సైకిలుకు కాస్త ఎక్కువ. కానీ నిమిషానికి 370 మీటర్లు. కిలోమీటరు దూరంలో ఉన్న ఓడ మూడు నిమిషాల్లోపే మీద పడుతుంది. 4 కిలోమీటర్ల దూరంలో ఉండగానే కదిలితే దాదాపు 11 నిమిషాలు చేతిలో ఉంటాయి. తెడ్డేసే మనిషి నిమిషానికి 80 మీటర్లు పోగలిగినా దారి నుంచి తప్పుకోవడానికి అది చాలు. “అదేటి, పక్కనుంచి ఎలిపోద్దిలే” అనుకుంటూ గడిపేసే నిమిషాలే కొంప ముంచుతాయి.

పెద్ద బోట్లకే దిక్కు లేని సందర్భాలున్నాయి. 2021 ఏప్రిల్‌లో కేరళలోని బేపూరు నుంచి వేటకెళ్లిన మరబోటును మంగళూరు తీరానికి ఆవల ఓ విదేశీ సరుకు నౌక ఢీకొట్టింది. బోటులో 14 మంది. ప్రాణాలతో దొరికింది ఇద్దరే.

చట్టం ఎవరి వైపు అనే వాదన తీరంలో తరచూ వస్తుంది. మన రాష్ట్రంలో ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకూ సంప్రదాయ పడవలదే సముద్రం. కానీ ఆ గీత మరబోట్ల వేటను ఆపడానికి గీసింది. రేవుకొచ్చే నౌకకు అది వర్తించదు. 1972 నాటి అంతర్జాతీయ నిబంధనలు విశాల సముద్రంలో వల వేసిన పడవకు ఓడే దారి ఇవ్వాలంటాయి. పడవ వెనుక గాలం ఈడ్చుకుంటూ పోతే మాత్రం ఆ హక్కు లేదు. రేవుకు వెళ్లే ఇరుకు దారిలో అయితే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. వేట పడవే ఓడకు అడ్డు రాకూడదు. విశాఖ రేవు ముఖద్వారంలో గాలం వేసుకు కూర్చుంటే తప్పు తెప్పదే. అక్కడ నౌకాదళం కూడా ఉంది కనుక సరదా కయాక్‌లు ఆ ఛాయలకే పోకూడదు. ఇక హక్కు మనదే అయినా, కనపడని తెప్పకు ఎవరు మాత్రం దారి ఇస్తారు?

అందుకే తప్పుకోవలసింది చిన్నదే. ఎటు తప్పుకోవాలో తెలుసుకోవడానికి యంత్రాలక్కర్లేదు. తెప్పవాళ్ల దగ్గర తరతరాల విద్య ఒకటుంది. ఒడ్డున ఒక చెట్టూ, దాని వెనుక ఒక కొండా ఒకే వరసలోకి వచ్చాయంటే ఫలానా చోట ఉన్నామని గుర్తు. అదే కన్ను ఓడ మీద పెట్టాలి. తెప్ప ఒకే దిశలో, ఒకే వేగంతో పోతున్నప్పుడు ఓడ మీ తెప్ప కొనకు సూటిగా కనపడిందనుకోండి. రెండు మూడు నిమిషాలాగి చూడండి. కొన దాటి పక్కకు జరిగితే మంచిదే. అక్కడే ఉండి పెద్దదవుతూ ఉంటే మాత్రం రెండూ ఒకే చోటుకు వస్తున్నాయని అర్థం!

రాత్రయితే దీపాలు చెబుతాయి. ఓడకు ఎడమ వైపు ఎరుపు, కుడి వైపు ఆకుపచ్చ. పెద్ద ఓడకు రెండు స్తంభాల మీద తెల్ల దీపాలు ఉంటాయి. వెనకది ముందుదానికన్నా ఎత్తు. ఎరుపు, ఆకుపచ్చ రెండూ కనపడుతూ, తెల్ల దీపాలు ఒకదాని మీద ఒకటి నిలువుగా వచ్చాయంటే ఓడ ముక్కు నేరుగా మీ మీదకే ఉన్నట్టు. అప్పుడు దాని దారికి అడ్డంగా, దగ్గరి అంచు వైపు తెడ్డేయడమే. ముందు నుంచి దాటేద్దామన్న ఆశ వద్దు. ఓడ వెళ్లాక వెనుక నుంచే దాటాలి. కాసేపటికి దాని అలలు వస్తాయి, తెప్ప ముక్కు వాటికి ఎదురు తిప్పుకోవాలి. తెడ్డుతో నడిచే పడవ కూడా చేతిలో తెల్ల టార్చి సిద్ధంగా ఉంచుకుని, ఢీకొనే ముప్పు రాకముందే చూపాలన్నది నిబంధనే. కయాక్‌కు ఎత్తుగా కట్టిన జెండా, మెరిసే రంగు చొక్కా పగటిపూట పనికొస్తాయి.

ఇంతా తెలిసిన మనిషి కూడా తప్పుకోని సందర్భం ఒకటుంది. వల నీళ్లలో ఉన్నప్పుడు! వల అంటే అప్పు తెచ్చి కొన్న ఆస్తి. కోసి వదిలేయాలంటే చెయ్యి రాదు. ఆ తటపటాయింపులోనే రెండు నిమిషాలు పోతాయి. అందుకే కత్తి ఎప్పుడూ చేతికందేలా ఉండాలి. వల ఎప్పుడు కోయాలన్నది ఒడ్డునే నిర్ణయించుకు వెళ్లాలి. ఈ మాట చెప్పడం తేలిక, తెప్ప మీద ఉన్నవాడికి కాదు. పోయిన వలకు పరిహారం దక్కే దారి ఉంటే ఆ చెయ్యి త్వరగా కదులుతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. ఇంజను లేని తెప్పలకు మినహాయింపు ఉంది. ఆ 61 రోజులూ వేటలో తెప్పలే మిగులుతాయి. ఓడలకు మాత్రం నిషేధం లేదు. పైగా శ్రీకాకుళం తీరానికీ ఈ బెడద కొత్తగా చేరుతోంది. మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. రేవు వస్తే ఓడల దారీ వస్తుంది. ఆ దారి ఎటు నుంచి ఎటు పోతుందో మ్యాపులో కాదు, ఒడ్డున ఉన్న వాళ్ల భాషలో, వాళ్ల కొండ గుర్తులతో చెప్పాల్సింది అధికారులే.

ఇంట్లో వాళ్లకూ పని ఉంది. ఎటు వెళుతున్నారు, ఎన్ని గంటలకు తిరిగొస్తారు అన్నది బయల్దేరే ముందే అడిగి ఉంచుకోవాలి. లైఫ్‌జాకెట్ తెప్పలో పడేసి ఉంటే కుదరదు, ఒంటి మీద ఉండాలి. ఫోను నీళ్లు చొరని కవర్లో మెడకు వేలాడాలి. చెప్పిన వేళ దాటినా మనిషి రాకపోతే ఇరుగుపొరుగును అడుగుతూ పొద్దు పోగొట్టుకోవద్దు. కోస్ట్‌గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీసులది 1093. చీకటి పడకముందే చేయండి.