ఏ తిట్టు చిన్నది?

ఫుట్‌బాల్ ఆటలో పన్నెండో నియమం సూటిగా ఉంటుంది. అవమానించే మాట, బూతు మాట నోట వస్తే ఎర్ర కార్డు, బయటికి. అయినా పేరున్న ఆటగాళ్ళే అంటున్నారు. పట్టుబడ్డాక మాత్రం "మా దగ్గర అది మామూలే" అంటారు.

2011 అక్టోబరులో లివర్‌పూల్ ఆటగాడు సువారెజ్, మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు ఎవ్రాను రంగు పేరెత్తి పిలిచాడు. మా ఉరుగ్వేలో చనువుకొద్దీ అలాగే పిలుచుకుంటామని వాదించాడు. గొడవపడుతూ చనువేమిటండీ? ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఒప్పుకోలేదు. 8 మ్యాచుల నిషేధం, 40 వేల పౌండ్ల జరిమానా వేసింది.

మనవాళ్ళకు క్రికెట్ సంగతి బాగా గుర్తుంటుంది. 2008 జనవరిలో సిడ్నీ టెస్టులో హర్భజన్ సింగ్ ఆండ్రూ సైమండ్స్‌ను కోతి అన్నాడని ఆరోపణ వచ్చింది. మూడు టెస్టుల నిషేధం పడింది. అప్పీలులో, అన్నది కోతి అని కాదు, హిందీలో తల్లి మీద తిట్టు అన్నారు. జాతి దూషణ రుజువు కాలేదు. మ్యాచ్ ఫీజులో సగం జరిమానాతో సరిపోయింది. అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. తల్లిని తిట్టాడంటే ఊరట! నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నెల తిరక్కముందే మన హైదరాబాదు జట్టు డెక్కన్ చార్జర్స్ ఆ సైమండ్స్‌నే 13 లక్షల 50 వేల డాలర్లకు కొనుక్కుంది. అంతకుముందు 2007 అక్టోబరులో వడోదర, ముంబై స్టేడియాల్లో కొందరు అతన్ని చూసి కోతికూతలు కూశారు. మన జట్టు చొక్కా తొడుక్కోగానే సిక్సు కొడితే ఈలలు వేశాం.

మా శ్రీకూర్మం చుట్టుపక్కల సాయంత్రం పిల్లలు ఆడుకునే చోట కాసేపు నిలబడి వినండి. క్యాచ్ వదిలితే అమ్మ, రనౌట్ చేయిస్తే అక్క. కోపం ముదిరితే కులం. పెద్దలు విని నవ్వేస్తారు. ఎస్సీ, ఎస్టీలను నలుగురిలో కులం పేరుతో దూషిస్తే 1989 చట్టం కింద నేరమని చెబితే, "ఆట వేడిలో అన్నమాటకి అంత దూరమెందుకు పాస్టరుగారూ" అంటారు. యాకోబు పత్రిక మూడో అధ్యాయం నాలుకను నిప్పుతోనే పోల్చింది. ఆట వేడికి మాట కొత్తగా పుట్టదు, ఇంట్లో విన్నదే బయటికొస్తుంది. తిట్టు తిన్న కుర్రాడు మర్నాడు ఆటకు రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాడు లేడు.

పండగకి మ్యాచులు పెట్టే తమ్ముళ్ళను నేనొకటి అడుగుతున్నాను. తల్లి పేరో కులం పేరో ఎత్తి తిట్టినవాణ్ణి ఆ రోజుకి గట్టు మీద కూర్చోబెట్టే అధికారం అంపైరుకివ్వండి. మొదట కూర్చోవలసినవాడు మీ కెప్టెనే అయితే, అప్పుడూ ఒప్పుకుంటారా?