గడువు తీరిన మందు సరే, గడువు తీరిన యాప్ మాటేమిటి?

మందుల దుకాణంలో గడువు తీరిన మాత్రల పట్టీ చేతికిస్తే మీరు ఊరుకుంటారా? అక్కడికక్కడే నిలదీస్తారు. మీ ఫోన్‌లోని ఆరోగ్య యాప్‌కు గడువు తీరిపోతే మాత్రం ఆ సంగతి మీకు చెప్పే దిక్కు లేదు. రోగి నమ్ముకున్న యాప్‌ను ఒకసారి విడుదల చేసి, ఆపై దాని ముఖం చూడకపోవడం సాంకేతిక అలసత్వం కాదు, వైద్య నిర్లక్ష్యమని నా అభియోగం.

గుండెలో కృత్రిమ కవాటం అమర్చుకున్న ఒక పెద్దాయన నా పాత రోగి. రక్తం గడ్డకట్టకుండా ఆయన ఒకరోజు 2 మిల్లీగ్రాములు, మరునాడు 3 మిల్లీగ్రాములు మందు వేసుకోవాలి. ఏ రోజు ఏ మోతాదో గుర్తుచేసే యాప్‌ను కుమారుడు ఫోన్‌లో పెట్టి వెళ్లాడు. రెండేళ్లు సవ్యంగా సాగింది. ఫోన్ పాడై కొత్తది కొన్నప్పుడు, పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేక కొత్త ఖాతా తెరిచారు. ప్లే స్టోర్‌లో ఎంత వెదకినా ఆ యాప్ కనిపించలేదు. ఆయన జ్ఞాపకం మీదే భారం వేశారు. 2.5 నుంచి 3.5 మధ్య ఉండవలసిన ఐ.ఎన్.ఆర్. 1.6కు పడిపోయింది. అంటే కవాటం మీద గడ్డ ఏర్పడి, అది మెదడుకు చేరి, పక్షవాతం తెచ్చే ముప్పు పొంచి ఉన్నట్టే. సకాలంలో తెలిసింది గనుక గండం గడిచింది.

యాప్ ఎందుకు మాయమైంది? ప్రతి ఆండ్రాయిడ్ యాప్‌లోనూ అది ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌ను లక్ష్యంగా చేసుకొని తయారైందో తెలిపే ఒక సంఖ్య ఉంటుంది. 2018 నుంచి గూగుల్ ప్లే ఆ సంఖ్యకు ఒక కనీస హద్దు విధించి, పెంచుతూ వస్తోంది. 2025 ఆగస్టు 31 నాటి నియమం ప్రకారం కొత్త యాప్‌లూ, పాతవాటి అప్‌డేట్‌లూ ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా చేసుకోవాలి. అప్‌డేట్ లేకుండా పడి ఉన్న యాప్ కనీసం ఆండ్రాయిడ్ 14 స్థాయిలోనైనా ఉండాలి. లేకుంటే, తన లక్ష్యం కంటె కొత్త ఆండ్రాయిడ్ నడిచే ఫోన్‌లలో కొత్త వినియోగదారులకు అది అందదు. లోగడ వేసుకున్నవారు మళ్లీ వేసుకోవచ్చు. కాని ఖాతా మారిన మా పెద్దాయన స్టోర్ దృష్టిలో కొత్తవాడే.

“ఇది స్టోర్ల దౌర్జన్యం, బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలించాలి?” అని కొందరు తయారీదారులు వాదిస్తారు. ఆ వాదన నిలవదు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6కు ముందరి పద్ధతిలో, యాప్ వేసుకున్న క్షణానే అది అడిగిన అనుమతులన్నీ దానికి దఖలుపడేవి. లక్ష్య సంఖ్యను పాతదిగానే ఉంచి కొత్త రక్షణలను తప్పించుకునే దారి అప్పట్లో తెరిచి ఉండేది. మీ చక్కెర లెక్కలూ, మందుల చిట్టాలూ దాచుకున్న యాప్‌కు అటువంటి దొడ్డిదారి ఉండవచ్చునా?

“నియమం పాటిస్తే పాత ఫోన్లున్న పేదలకు యాప్ అందదు” అన్నది మరో వాదన. లక్ష్య సంఖ్య వేరు, యాప్ నడవడానికి కావలసిన కనీస వెర్షన్ వేరు. మొదటిదాన్ని పెంచినంత మాత్రాన రెండోదాన్ని పెంచనక్కరలేదు. పేదల పేరు చెప్పి బద్ధకాన్ని దాచుకోవడం తగదు.

సంఖ్య ఒక్కటి మార్చి చేతులు దులుపుకొనేవారు ఇంకా ప్రమాదకారులు. ఆండ్రాయిడ్ 13 నుంచి, కొత్తగా వేసుకున్న యాప్ మన అనుమతి లేనిదే నోటిఫికేషన్ చూపలేదు. ఆండ్రాయిడ్ 14లోనైతే, కొత్త లక్ష్యంతో వచ్చిన చాలా యాప్‌లకు ఖచ్చితమైన సమయానికి అలారం మోగించే అనుమతి ముందుగా ఉండదు, రోగిని అడిగి తీసుకోవాలి. ఆ పని చేయని యాప్ స్టోర్ పరీక్ష నెగ్గవచ్చు. కాని రాత్రి ఎనిమిది గంటలకు మోగవలసిన అలారం మోగదు. నియమం అక్షరాలా నెరవేరి, రోగి మాత్రం మోసపోయినట్టు.

ఉచితంగా యాప్ చేసి పెట్టిన ఒంటరి యువకునికి ఇది భారమేనని ఒప్పుకుంటాను. అతడు కొనసాగించలేకపోతే ముందుగా చెప్పి, లెక్కలు వెలికితీసుకునే వీలు కల్పిస్తే చాలు. ఆసుపత్రులకూ, సంస్థలకూ మాత్రం ఆ మినహాయింపు లేదు. ఆర్భాటంగా యాప్ ప్రారంభించినవారు ఏటేటా దాని నిర్వహణకు డబ్బు కేటాయించాలి, అలారం మోగుతున్నదో లేదో కొత్త ఫోన్‌లలో పరీక్షించాలి.

అంతవరకు మీ జాగ్రత్త మీదే. మీ ఆరోగ్య యాప్ చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో స్టోర్‌లో చూడండి. ఏడాది దాటితే తయారీదారుకు ఉత్తరం రాసి అడగండి. ఫోన్ మార్చిన రోజునే అలారం, నోటిఫికేషన్ అనుమతులు సరిచూడండి. ఖాతా పాస్‌వర్డ్ భద్రంగా రాసిపెట్టుకోండి. మందుల మోతాదును ఒక కాగితం మీద కూడా రాసి గోడకు అంటించండి. ఆ కాగితానికి అప్‌డేట్ అక్కరలేదు. డాక్టరు మోతాదు మార్చిన రోజున మాత్రం దాన్ని తప్పక మార్చండి.