ఊడదీయలేని జిగురెందుకు?

పడవ డెక్ మీద తాళ్లు చుట్టే క్లీట్ దగ్గర నీరు కారితే యజమాని దుకాణానికి వెళ్లి అన్నిటికంటే బలమైన సీలెంట్ అడుగుతాడు. అమెరికాలో అలా అడిగినవాడి చేతిలో పెట్టేది చాలాసార్లు త్రీఎం 5200. ఈ పాలీయురేథేన్ పూర్తిగా గట్టిపడటానికి వారం దాకా పడుతుంది. ఆ తర్వాత క్లీట్ ఊడబెరికితే దాంతోపాటు డెక్ పైపూత కూడా పెచ్చులుగా లేచివస్తుంది. నీటి అడుగున, మళ్లీ విప్పనక్కర్లేని చోట అది భేషైన సరుకే. కానీ డెక్ మీది సామాను ఏదో ఒకనాడు విప్పక తప్పదు. అక్కడ దాన్ని పూయడం ఒట్టి మొండితనం.

అసలు ముప్పు కేబిన్‌లో పడే చుక్కతో కాదు. చాలా ఫైబర్ పడవల డెక్‌లో రెండు పొరల నడుమ బాల్సా చెక్కో ప్లైవుడ్డో ఉంటుంది. బోల్టు రంధ్రంలోంచి దిగిన నీరు ముందు ఆ చెక్కనే నానబెడుతుంది. కొన్నేళ్లకు డెక్ కాలి కింద మెత్తగా దిగబడుతుంది. స్టెయిన్‌లెస్ బోల్టుకూ దిక్కులేదు. గాలాడని తడిలో ఆక్సిజన్ అందక, తల మెరుస్తుండగానే లోపలి భాగాన్ని తుప్పు తినేస్తుంది.

2017-18లో ఆరుగురు నౌకాదళ అధికారిణులు కేప్ హార్న్ మీదుగా ప్రపంచాన్ని చుట్టివచ్చిన తెరచాప పడవ తారిణి కూడా నడుమ చెక్క పెట్టి ఫైబర్‌తో కట్టినదే. ఆ ఆరుగురిలో విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదీ బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. నెలల తరబడి అలలు డెక్ మీదికి ఎక్కే అలాంటి ప్రయాణంలో బోల్టు రంధ్రం చిన్న విషయం కాదు.

అందుకే సీలెంట్ ట్యూబు సంగతి తర్వాత, ముందు రంధ్రం సంగతి చూడాలి. బోల్టు కంటే పెద్ద రంధ్రం వేసి, చుట్టూ చెక్క కొంత తవ్వి, ఎపాక్సీ నింపాలి. అది గట్టిపడ్డాక నడిమధ్యలో బోల్టుకు సరిపడా మళ్లీ డ్రిల్లు వేయాలి. ఆపైన ఎప్పుడైనా నీరు దిగినా చెక్కను తాకదు. ఈ పని ఎగ్గొట్టినవాడు ఎంత ఖరీదైన సీలెంట్ కొన్నా దండగే.

ఇంట్లో సింకుకు పూయగా మిగిలిన సిలికాన్ పడవకు వాడేవాళ్లూ ఉన్నారు. దాని జిడ్డు పొర మిగిలిన చోట ఆ తర్వాత రంగూ నిలవదు, మరో సీలెంటూ అంటదు. పాలీసల్ఫైడ్ సీలెంట్ టేకు డెక్‌కు చక్కగా నప్పుతుంది గానీ, యాక్రిలిక్, పాలీకార్బొనేట్ కిటికీలను దెబ్బతీస్తుంది.

క్లీట్లకు, రెయిలింగ్ కాళ్లకు బ్యూటైల్ టేపును మించింది లేదు. టైరు ట్యూబులకు వాడే రబ్బరే ఇది. ఏళ్లు గడిచినా మెత్తగానే ఉంటుంది, కావాలంటే ఊడివస్తుంది. నీటిమట్టానికి కింద, పెట్రోలు ఒలికే చోట మాత్రం పనికిరాదు. రంధ్రం అంచును కాస్త ఏటవాలుగా చెక్కి, బోల్టు మెడకు టేపు చుట్టి దించాలి. పైన బోల్టు తల తిరగకుండా ఒకరు పట్టుకుంటే, కింద ఇంకొకరు నట్టు బిగించాలి. బోల్టు తిరిగిందా, టేపు పట్టు పోయినట్టే. ఒక్కసారిగా కాకుండా రెండు మూడు రోజులు కొంచెం కొంచెం బిగిస్తూ, అంచున బయటికి ఉబికిన టేపును ప్లాస్టిక్ ముక్కతో గీరేస్తే సరి.